సుల్తానా (ఆవిరి పడవ)

సుల్తానా 19వ శతాబ్దములో అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని మిసిసిపీ నదిపై నడచిన ఒక ఆవిరి పడవ. ఇది 1863లో ఒహైయో రాష్ట్రములోని సిన్సినాటి నగరములో నిర్మించబడినది. 1865 ఏప్రిల్ 27 తెల్లవారుజామున, టెన్నెసీ రాష్ట్రములోని మెంఫిస్ నగరానికి సుమారు 7 మైళ్ళ ఎగువన దీని బాయిలర్లు పేలి, పడవ తగలబడి, మునిగిపోయినది. అమెరికా జలరవాణా చరిత్రలో ఇంతకు మించి ప్రాణనష్టము కలిగించిన ప్రమాదము మరొకటి లేదు. 376 మందిని మాత్రమే ఎక్కించుకొనుటకు అనుమతి ఉన్న ఈ పడవలో ఆ రాత్రి 2,100 మందికి పైగా ఉన్నారు. వారిలో అత్యధికులు అంతర్యుద్ధములో పట్టుబడి, చెరనుండి విడుదలై, ఇళ్ళకు తిరిగి వెళ్ళుచున్న సైనికులు. ప్రమాదమునకు ముందు బాయిలరులో లోపము కనిపించినది. పడవలో జనము మితిమీరినారని రేవులోని అధికారులకు తెలియును. ఖాళీ పడవలు ప్రక్కనే ఉన్నవి. అయినను ఈ దుర్ఘటనకు బాధ్యులుగా ఎవ్వరును చివరకు శిక్ష అనుభవించలేదు.

నేపథ్యము

మిసిసిపీ నది అమెరికా మధ్య భాగమున ఉత్తరమునుండి దక్షిణమునకు ప్రవహించి మెక్సికో సింధుశాఖలో కలియుచున్నది. రైలుమార్గములు విస్తరించక పూర్వము ధాన్యము, పత్తి, పంచదార వంటి సరకులకు ఈ నదియే రాజమార్గము. ప్రవాహముతోపాటు దిగువకు పోవుట తేలికే గాని, ఏటికి ఎదురు పోవుట మిక్కిలి కష్టము. గడలు వేయుచు, ఒడ్డున నడచుచు త్రాళ్ళతో లాగుచు పడవను ఎగువకు చేర్చుటకు నెలలు పట్టేది.

1807లో రాబర్ట్ ఫుల్టన్ హడ్సన్ నదిపై ఆవిరి పడవను విజయవంతముగా నడిపిన తరువాత ఈ స్థితి మారినది. 1811-12 సంవత్సరములలో 'న్యూ ఆర్లియన్స్' అనే ఆవిరి పడవ పిట్స్‌బర్గ్ నుండి బయలుదేరి, ఒహైయో, మిసిసిపీ నదుల మీదుగా అదే పేరుగల నగరానికి చేరినది. అటు తరువాత కొన్ని దశాబ్దములలోనే ఈ నదులపై వందలకొలది ఆవిరి పడవలు తిరుగసాగినవి.

వేగముతోపాటు ప్రమాదములు కూడా పెరిగినవి. నీటిలో మునిగియున్న చెట్ల మోడులు తగిలి అడుగు చీలుట, కొయ్యతో కట్టిన పడవకు నిప్పంటుకొనుట, బాయిలర్లు పేలుట తరచుగా జరిగేవి. 1838లో సిన్సినాటి వద్ద 'మోసెల్' అనే పడవ బాయిలర్లు పేలి నూరుమందికి పైగా మరణించినారు. ఆ సంవత్సరమే అమెరికా కాంగ్రెసు ఆవిరి పడవల భద్రతకై ఒక చట్టము చేసినది. అది చాలకపోవుటచే 1852లో మరింత కఠినమైన చట్టము వచ్చినది. దాని ప్రకారము పడవలను, బాయిలర్లను ప్రభుత్వ తనిఖీ అధికారులు పరీక్షించవలెను. సరంగులు, ఇంజనీర్లు లైసెన్సు పొందవలెను. ప్రయాణికుల సంఖ్యకు పరిమితి ఉండవలెను. సుల్తానా ఈ చట్టము అమలులో ఉన్న కాలమునకు చెందినది.

1861లో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రముల మధ్య అంతర్యుద్ధము ప్రారంభమైనది. 1863 జూలై 4న విక్స్‌బర్గ్ కోట ఉత్తరాది సేనలకు లొంగిపోయినది. కొద్దిరోజులలోనే మిసిసిపీ నది అంతయు ఉత్తరాది ప్రభుత్వము అధీనములోనికి వచ్చినది. సెయింట్ లూయిస్, న్యూ ఆర్లియన్స్ నగరముల మధ్య పడవల రాకపోకలు తిరిగి మొదలైనవి.

నిర్మాణము

సుల్తానాను సిన్సినాటిలోని జాన్ లిథర్‌బరీ పడవల కార్ఖానాలో కట్టినారు. 1863 జనవరి 3న దీనిని నీటిలోనికి దింపినారు. దిగువ మిసిసిపీ ప్రాంతపు పత్తి రవాణా కొరకు ఉద్దేశించిన ఈ పడవ పొడవు 260 అడుగులు, వెడల్పు 42 అడుగులు. ఇరువైపుల పెద్ద తెడ్డు చక్రములు ఉన్నవి. ఆవిరి యంత్రములు ఈ చక్రములను త్రిప్పగా, వాటి పలకలు నీటిని వెనుకకు నెట్టి పడవను ముందుకు నడిపేవి.

పడవ అంతయు కొయ్యతో కట్టినదే. అన్నిటికంటె క్రింది అంతస్తులో బాయిలర్లు, యంత్రములు, వంటచెరకు, బొగ్గు, సరకులు ఉండేవి. దానిపై అంతస్తులో డబ్బు చెల్లించు ప్రయాణికులకు గదులు, భోజనశాల ఉండేవి. దానిపైన ఆరుబయలు కప్పు, దానిమీద ఉద్యోగుల గదులు, అన్నిటికి పైన సరంగు నిలిచి చుక్కాని త్రిప్పే గది ఉన్నవి. బాయిలర్ల నుండి రెండు ఎత్తైన పొగగొట్టములు అన్ని అంతస్తులను దాటి పైకి లేచియుండేవి. సుమారు 85 మంది సిబ్బంది పనిచేసేవారు.

చట్ట ప్రకారము ఉండవలసిన రక్షణ సామగ్రి పడవలో ఉన్నది. మంటలార్పు పంపులు మూడు, 300 అడుగుల గొట్టము, బకెట్లు, గొడ్డళ్ళు, ఒక లోహపు రక్షణ పడవ, ఒక చిన్న కొయ్య పడవ, 76 తేలుడు పట్టీలు అందులో ఉన్నవి. 1865 ఏప్రిల్ 12న సెయింట్ లూయిస్‌లో తనిఖీ కూడా జరిగినది.

బాయిలర్లు పనిచేసే విధానము

సుల్తానా కథలో బాయిలర్లే ముఖ్యము కనుక వాటి పనితీరు తెలుసుకొనుట అవసరము. ఇందులో నాలుగు అధిక పీడన బాయిలర్లు ప్రక్కప్రక్కన అమర్చబడినవి. ఒక్కొక్కటి 18 అడుగుల పొడవు, 46 అంగుళముల వ్యాసము గల ఇనుప స్తంభాకారపు పాత్ర. నాటి పడవలలో సాధారణముగా వాడే పొడవైన బాయిలరు లోపల రెండు పెద్ద గొట్టములు మాత్రమే ఉండేవి. సుల్తానా బాయిలర్లలో ఒక్కొక్కదానిలో 5 అంగుళముల గొట్టములు 24 ఉన్నవి. కొలిమిలోని వేడి వాయువులు ఈ గొట్టముల గుండా పోవుచు చుట్టునున్న నీటిని మరిగించేవి. గొట్టములు ఎక్కువైనందున నీటికి వేడి తగిలే వైశాల్యము పెరిగి, తక్కువ చోటులో ఎక్కువ ఆవిరి పుట్టేది.

ఈ సౌకర్యముతోపాటు రెండు చిక్కులు ఉన్నవి. మొదటిది, బాయిలర్లలోనికి తోడే నీరు నదినీరే. మిసిసిపీ నీరు ఒండ్రుతో నిండియుండును. ఆ మట్టి గొట్టముల సందులలో పేరుకొని గట్టిపడేది. దగ్గర దగ్గరగా ఉన్న 24 గొట్టముల మధ్య దానిని గీకి శుభ్రపరచుట కష్టము. మట్టి పేరుకొన్న చోట నీరు ఇనుమునకు తగలదు గనుక ఆ భాగము మితిమీరి వేడెక్కి బలహీనపడును.

రెండవది, నాలుగు బాయిలర్లు గొట్టములతో ఒకదానికొకటి కలుపబడి ఉన్నవి. పడవ ఒక ప్రక్కకు ఒరిగినపుడు నీరు పల్లమున ఉన్న బాయిలరులోనికి పోవును; ఎత్తున ఉన్న బాయిలరులో నీటిమట్టము తగ్గి, నీరు లేని లోహము ఎర్రగా కాలును. పడవ మరల నిలకడకు వచ్చినపుడు ఆ నీరు తిరిగి వచ్చి కాలిన లోహముపై పడి, ఒక్కసారిగా ఆవిరియై, పీడనము హఠాత్తుగా పెరుగును. అందుచేత ఇట్టి పడవలో బరువు సమముగా ఉండుట, నీటిమట్టము ఎల్లప్పుడు తగినంత ఉండుట అత్యవసరము.

1863 నుండి 1865 వరకు

సుల్తానా మొదటి యజమాని ప్రెస్టన్ లాడ్విక్. 1864లో సెయింట్ లూయిస్‌కు చెందిన జేమ్స్ కాస్ మేసన్, మరికొందరు భాగస్వాములు కలిసి దీనిని కొన్నారు. మేసన్ పడవకు కెప్టెన్ అయినాడు. సెయింట్ లూయిస్, న్యూ ఆర్లియన్స్ మధ్య సరకులను, ప్రయాణికులను చేరవేయుచు, అప్పుడప్పుడు సైన్యమును, సైనిక సామగ్రిని కూడా ఈ పడవ మోసేది.

1865 ఏప్రిల్ 9న దక్షిణాది సేనాని రాబర్ట్ లీ లొంగిపోయినాడు. ఏప్రిల్ 13న సుల్తానా సెయింట్ లూయిస్ నుండి దక్షిణమునకు బయలుదేరినది. ఏప్రిల్ 15 ఉదయము ఇల్లినాయ్ రాష్ట్రములోని కేరో రేవులో ఆగియుండగా, అధ్యక్షుడు అబ్రహాం లింకన్‌పై కాల్పులు జరిగిన వార్త తెలిసినది. యుద్ధము వలన దక్షిణాది నగరములకు తంతి మార్గములు తెగిపోయి ఉన్నవి. మేసన్ కేరోలో దొరికిన వార్తాపత్రికలను పడవలో వేసుకొని దిగువకు బయలుదేరినాడు. ఆ విధముగా లింకన్ మరణవార్తను నదీతీర పట్టణములకు మోసికొనిపోయిన పడవ సుల్తానాయే.

విడుదలైన ఖైదీలు

విక్స్‌బర్గ్ పట్టణానికి కొద్ది మైళ్ళ దూరమున క్యాంప్ ఫిస్క్ అనే శిబిరము ఉండేది. దక్షిణాది చెరనుండి విడుదలైన వేలమంది ఉత్తరాది సైనికులు అక్కడ వేచియున్నారు. వారిలో అధికులు జార్జియాలోని ఆండర్సన్‌విల్, అలబామాలోని కహాబా చెరసాలల నుండి వచ్చినవారు.

ఆండర్సన్‌విల్‌లో మొత్తము సుమారు 45,000 మంది బంధింపబడగా, 13,000 మంది వరకు ఆకలి, అతిసారము, స్కర్వీ వంటి కారణములచే మరణించినారు. కహాబా చెరసాల అసంపూర్తిగా ఉన్న ఒక పత్తి గిడ్డంగి. 1865 మార్చిలో నదికి వరద వచ్చి, అక్కడి ఖైదీలు రోజుల తరబడి నీటిలోనే నిలిచియుండవలసి వచ్చినది. క్యాంప్ ఫిస్క్ చేరిన వారిలో చాలమంది రోగులు, నడువలేనివారు. యుద్ధము ముగిసినది గనుక ఇళ్ళకు పోవలెనను ఆతురత తప్ప వారికి మరొక ఆలోచన లేదు. వీరు ఒహైయో, టెన్నెసీ, ఇండియానా, మిచిగన్, కెంటకీ, పశ్చిమ వర్జీనియా రాష్ట్రములకు చెందినవారు.

వీరిని ఉత్తరమునకు చేర్చుటకు ప్రభుత్వము ప్రైవేటు పడవలకు తలకు ఇంత అని కిరాయి చెల్లించేది. అధికారులకు రేటు ఎక్కువ, సాధారణ సైనికులకు తక్కువ. ఎంతమంది ఎక్కితే పడవ యజమానికి అంత లాభము. విక్స్‌బర్గ్‌లో పడవల ఏర్పాటు చూచే క్వార్టర్ మాస్టరు రూబెన్ హ్యాచ్. అతనిపై యుద్ధారంభములోనే అవినీతి ఆరోపణలు వచ్చినవి. 1865 ఫిబ్రవరిలో ఒక పరీక్షక మండలి అతడు ఆ పదవికి అనర్హుడని తేల్చినది. అయితే అతని అన్న ఓజియస్ హ్యాచ్ ఇల్లినాయ్ రాష్ట్రపు ఉన్నత పదవిలో ఉన్నవాడు, లింకన్‌కు మిత్రుడు. అందువలన అతడు ఉద్యోగములోనే కొనసాగినాడు. దిగువకు పోవుచు విక్స్‌బర్గ్‌లో ఆగిన మేసన్‌తో హ్యాచ్ ఒప్పందము చేసుకొన్నాడనియు, తిరుగు ప్రయాణములో పడవ నిండా ఖైదీలను ఇచ్చినందుకు కిరాయిలో వాటా పొందుట ఆ ఒప్పందమనియు చరిత్రకారుల అభిప్రాయము.

బాయిలరుకు అతుకు

ఏప్రిల్ 21న సుల్తానా న్యూ ఆర్లియన్స్ నుండి తిరుగు ప్రయాణము ప్రారంభించినది. విక్స్‌బర్గ్ ఇంకను కొన్ని గంటల దూరమున ఉండగా ఒక బాయిలరు నుండి ఆవిరి కారుట కనిపించినది. వేగము తగ్గించుకొని ఏప్రిల్ 23న పడవ విక్స్‌బర్గ్ చేరినది.

మరమ్మతుకు వచ్చిన స్థానిక మెకానిక్ ఆర్. జి. టేలర్ బాయిలరు రేకు ఒకచోట ఉబ్బియున్నట్లు గుర్తించినాడు. ఆ భాగమును కోసివేసి క్రొత్త రేకు వేయవలెనని అతని అభిప్రాయము. ఆ పనికి కొన్ని రోజులు పట్టును. అన్ని రోజులు ఆగినచో ఖైదీలు ఇతర పడవలలో వెళ్ళిపోవుదురు. మేసన్, ప్రధాన ఇంజనీరు నేథన్ వింట్రింగర్ ఇద్దరును సెయింట్ లూయిస్ చేరిన తరువాత పూర్తి మరమ్మతు చేయించెదమని చెప్పి, తాత్కాలికముగా సరిచేయుమని టేలర్‌ను ఒప్పించినారు. ఉబ్బిన చోటును సుత్తితో కొట్టి చదును చేసి, దానిపై 26 అంగుళముల పొడవు, 11 అంగుళముల వెడల్పు గల అతుకు రేకును రివెట్లతో బిగించినారు. బాయిలరు రేకు మందము అంగుళములో మూడవ వంతునకు పైగా ఉండగా, అతుకు రేకు మందము పావు అంగుళము మాత్రమే. ఈ పని సుమారు ఒక రోజులో పూర్తి అయినది.

ఖైదీలను ఎక్కించుట

అంతకు ముందే 'హెన్రీ ఏమ్స్' అనే పడవలో సుమారు 1,300 మంది, 'ఆలివ్ బ్రాంచ్' అనే పడవలో సుమారు 700 మంది ఖైదీలు వెళ్ళిపోయినారు. మిగిలినవారిని ఎక్కించే బాధ్యత కెప్టెన్ ఫ్రెడరిక్ స్పీడ్, కెప్టెన్ జార్జ్ విలియమ్స్ అనే అధికారులపై పడినది. సాధారణముగా ముందు పేర్ల జాబితా తయారైన తరువాతనే ప్రయాణము. ఈసారి ఆలస్యమగునని, పడవ ఎక్కునపుడే పేర్లు సరిచూచుకొనుటకు నిర్ణయించినారు. ఏప్రిల్ 24న శిబిరము నుండి రైలులో విడతలు విడతలుగా సైనికులు రేవుకు చేరినారు. శిబిరములో ఎంతమంది మిగిలినారో, పడవలో ఎంతమంది ఎక్కినారో ఒకే అధికారికి పూర్తిగా తెలియని స్థితి ఏర్పడినది.

ఆ దినమున 'లేడీ గే', 'పాలీన్ కారల్' అనే మరి రెండు పెద్ద పడవలు అదే రేవుకు వచ్చినవి. జల రవాణా చూచే మరియొక అధికారి కెప్టెన్ విలియం కెర్న్స్, ఒకే పడవలో ఇంతమందిని ఎక్కించుట తగదనియు, కొందరిని పాలీన్ కారల్‌కు మార్చవలెననియు పై అధికారులకు చెప్పినాడు. కాని ఆ పడవవారు లంచమిచ్చి ఖైదీలను తమవైపు త్రిప్పుకొనుచున్నారని ఇతర అధికారులు అనుమానించినారు. ఆ అనుమానముతో అందరిని సుల్తానాలోనే పంపవలెనని పట్టుబట్టినారు. రెండు పడవలును ఖైదీలు లేకుండగనే వెళ్ళిపోయినవి.

చివరకు సుల్తానాలో సుమారు 1,960 మంది మాజీ ఖైదీలు, 22 మంది కాపలా సైనికులు, సుమారు 70 మంది ప్రయాణికులు, 85 మంది సిబ్బంది చేరినారు. మొత్తము 2,100 మందికి పైగా. అనుమతించిన సంఖ్యకు ఇది అయిదు రెట్లకంటె అధికము. పై అంతస్తుల నేల క్రుంగుచుండగా క్రింద దూలములు నిలిపి ఆధారము కల్పించినారు. పడుకొనుటకు చోటు లేక చాలమంది కూర్చుండియే నిద్రించినారు. ఏప్రిల్ 24 రాత్రి పడవ బయలుదేరినది.

చివరి ప్రయాణము

ఆ వసంతకాలములో మిసిసిపీకి గొప్ప వరద వచ్చియున్నది. ఉత్తరాన కరిగిన మంచు నీటితో నది గట్లు దాటి, కొన్ని చోట్ల మూడు మైళ్ళ వెడల్పున ప్రవహించుచున్నది. ఒడ్డున చెట్ల తలలు మాత్రమే కనిపించేవి. ఇంతటి బరువుతో, ఇంతటి ప్రవాహానికి ఎదురుగా రెండు రోజులు పడవ ప్రయాణించినది.

ఏప్రిల్ 26న అర్కాన్సా రాష్ట్రములోని హెలీనా పట్టణము వద్ద ఆగినపుడు, థామస్ బ్యాంక్స్ అనే ఛాయాగ్రాహకుడు పడవను ఫొటో తీసినాడు. ఫొటోలో పడుటకై సైనికులు ఒకే ప్రక్కకు చేరగా పడవ ప్రమాదకరముగా ఒరిగినది. ప్రతి అంతస్తులోను, కప్పులపైనను క్రిక్కిరిసిన మనుష్యులు ఆ చిత్రములో స్పష్టముగా కనిపించుదురు. సుల్తానా చివరి చిత్రము అదియే.

అదే రోజు సాయంకాలము 7 గంటల ప్రాంతమున పడవ మెంఫిస్ చేరినది. అక్కడ 120 టన్నుల పంచదారను దింపినారు. అడుగున ఉన్న ఈ బరువు తొలగుటచే పడవకు పైబరువు ఎక్కువై నిలకడ మరింత తగ్గినది. ఊరు చూడబోయిన కొందరు సైనికులు సకాలమునకు తిరిగిరాక రేవులోనే మిగిలిపోయి ప్రాణములు దక్కించుకొన్నారు. అర్ధరాత్రి సమయమున మెంఫిస్ విడిచి, కొద్ది దూరములో బొగ్గు ఎక్కించుకొని, ఒంటిగంట ప్రాంతమున సుల్తానా ఉత్తరమునకు సాగినది.

పేలుడు

ఏప్రిల్ 27 తెల్లవారుజామున సుమారు 2 గంటలకు, 'పాడీస్ హెన్ అండ్ చికెన్స్' అని పిలువబడే దీవుల సమీపమున ఒక బాయిలరు పేలినది. వెంటనే మరి రెండు పేలినవి. పైకి లేచిన ఆవిరి పడవ మధ్యభాగమును చీల్చివేసినది. సరంగు గది ఎగిరిపోయినది. అందుచే పడవను ఒడ్డుకు త్రిప్పగలవాడు లేడు. పొగగొట్టములు రెండును కూలిపోగా, వాటిలో ఒకటి జనముపై పడినది. పై అంతస్తులు క్రింది అంతస్తులపై కూలి, ఎందరో వాటి మధ్య చిక్కుకొన్నారు. కొలిమిలోని నిప్పులు చెదరి కొయ్యకు అంటుకొనగా కొద్ది నిమిషములలోనే పడవ మండసాగినది.

అగ్నికి భయపడి వందలాదిమంది నీటిలో దూకినారు. చాలమందికి ఈత రాదు. చెరలో కృశించిన శరీరములు మంచునీటి చలికి తట్టుకొనలేకపోయినవి. ఒకరినొకరు పట్టుకొని గుంపులు గుంపులుగా మునిగిపోయినారు. దొరికిన తలుపులు, పలకలు, పీపాలు, గడ్డిమూటలు, చచ్చిన గుర్రముల కళేబరములు సైతము పట్టుకొని కొందరు తేలినారు. పడవలో సిబ్బంది ఒక పెట్టెలో పెంచుచున్న మొసలిని చంపి, ఆ పెట్టెనే ఆధారముగా చేసుకొని బయటపడిన సైనికుడు కూడా ఉన్నాడు. కెప్టెన్ మేసన్ ఈ ప్రమాదములో మరణించినాడు.

రక్షణ చర్యలు

ఎగువనుండి వచ్చుచున్న 'బోస్టోనా' అనే పడవ 2:30 ప్రాంతమున మొదట అక్కడికి చేరి ఎందరినో కాపాడినది. మెంఫిస్‌కు ప్రమాదవార్త తెలుపుటకు మార్గము లేదు. ప్రవాహములో కొట్టుకొనిపోయి మెంఫిస్ రేవు చేరినవారి కేకల వలననే అక్కడివారికి విషయము తెలిసినది. వెంటనే రేవులోని ఆవిరి పడవలు, నౌకాదళపు పడవలు బయలుదేరి చెట్లకొమ్మలపై, దుంగలపై ఉన్నవారిని చేర్చినవి.

అర్కాన్సా ఒడ్డున నివసించేవారు కూడా చిన్న పడవలపై, దుంగలతో కట్టిన తెప్పలపై వచ్చి పలువురిని రక్షించినారు. వీరిలో కొద్ది దినముల క్రిందటి వరకు దక్షిణాది సైన్యములో ఉండి, ఇదే సైనికులతో పోరాడినవారు కూడా ఉన్నారు. మెంఫిస్ పౌరులు గాయపడినవారికి వస్త్రములు, ఆహారము ఇచ్చి ఆదరించినారు. సుమారు 760 మందిని మెంఫిస్ ఆసుపత్రులలో చేర్చగా, కాలిన గాయములతోను, చలి వలనను వారిలో 31 మంది తరువాత మరణించినారు.

మండుచున్న పడవ ప్రవాహములో దిగువకు కొట్టుకొనివచ్చి, ఉదయము 9 గంటల ప్రాంతమున పడమటి ఒడ్డున, ప్రస్తుత మారియన్ పట్టణ సమీపమున మునిగిపోయినది. శవములు నెలల తరబడి నదిలో దొరికినవి. కొన్ని విక్స్‌బర్గ్ వరకు కొట్టుకొనిపోయినవి. మెంఫిస్ జాతీయ శ్మశానవాటికలో ఖననము చేసినవారిలో చాలమంది పేర్లు తెలియరాలేదు.

మృతుల సంఖ్య

ఎక్కినవారి జాబితా సరిగా లేనందున మృతుల సంఖ్యపై ఏకాభిప్రాయము లేదు. సైనిక విచారణ జరిపిన జనరల్ విలియం హాఫ్‌మన్ 1,238 అని తెలిపినాడు. కస్టమ్స్ శాఖ లెక్క 1,547. ఈ సంఖ్యయే గ్రంథములలో ఎక్కువగా కనిపించును. 1880లో కాంగ్రెసు, యుద్ధ శాఖ కలిసి ఇచ్చిన సంఖ్య 1,259. కొందరు రచయితలు 1,800 వరకు అంచనా వేసినారు. ఇటీవలి కాలములో సైనికుల రికార్డులను పేరు పేరున పరిశీలించిన చరిత్రకారుడు జీన్ ఎరిక్ సాలెకర్ లెక్క 1,200కు లోపుగా ఉన్నది. తక్కువ సంఖ్యను తీసుకొన్నను, అమెరికా నౌకా ప్రమాదములలో ఇదే ప్రథమ స్థానములో ఉన్నది. 1912లో అట్లాంటిక్ సముద్రములో మునిగిన టైటానిక్ మృతులు సుమారు 1,500 మంది.

కారణములు

నాటి అధికారిక విచారణ బాయిలర్లలో నీటిమట్టము తగినంత లేకపోవుటను ముఖ్యకారణముగా పేర్కొన్నది. పడవకు పైబరువు ఎక్కువై, వంపులు తిరుగునపుడు ఒకసారి ఇటు, ఒకసారి అటు ఒరుగుటచే పైన వివరించిన రీతిలో నీరు ఒక బాయిలరు నుండి మరియొకదానికి పోయి, లోహము కాలి, పీడనము పెరిగినదని భావించినారు. పలుచని అతుకు రేకును కూడా పలువురు తప్పుపట్టినారు.

తరువాతి కాలపు ఇంజనీర్లు మరి కొన్ని అంశములను జోడించినారు. బాయిలర్లకు వాడిన బొగ్గు కొలిమి ఇనుము పదేపదే వేడెక్కి చల్లారుటచే పెళుసుబారును. 1879 తరువాత ఆ రకపు ఇనుమును బాయిలర్లకు వాడుట మానివేసినారు. ఒండ్రు నీరు, శుభ్రపరచుటకు వీలులేని గొట్టముల అమరిక దీనికి తోడైనవి. సుల్తానా తరువాత కొద్ది కాలములోనే ఇదే రకపు బాయిలర్లు గల మరి రెండు పడవలు పేలిపోగా, దిగువ మిసిసిపీపై నడిచే పడవలలో ఈ బాయిలర్ల వాడకమును ఆపివేసినారు.

దక్షిణాది గూఢచారి రాబర్ట్ లౌడెన్ బొగ్గు ముక్క రూపములో ఉన్న బాంబును పడవలో పెట్టినాడని 1888లో ఒక కథనము వెలువడినది. దీనికి తగిన ఆధారములు లేవని చాలమంది చరిత్రకారులు త్రోసిపుచ్చినారు.

విచారణ

ప్రమాదము జరిగిన వెంటనే మెంఫిస్, విక్స్‌బర్గ్ నగరములలో సైనిక విచారణలు జరిగినవి. కెప్టెన్ స్పీడ్ ఒక్కడే సైనిక న్యాయస్థానము ఎదుట నిలిచినాడు. 1866లో అతనిని దోషిగా నిర్ణయించి ఉద్యోగమునుండి తొలగించవలెనని తీర్పు వచ్చినది. కాని సైన్యపు ప్రధాన న్యాయాధికారి జోసఫ్ హోల్ట్ ఆ తీర్పును త్రోసివేసినాడు. పడవ ఎక్కునపుడు సైనికులను లెక్కించిన విలియమ్స్‌పై అభియోగము మోపలేదు. హ్యాచ్ అప్పటికే సైన్యమునుండి వైదొలగినాడు. సాక్ష్యమునకు రావలసినదిగా పంపిన ఉత్తర్వులను అతడు లెక్కచేయలేదు. 1871లో అతడు మరణించినాడు. కెప్టెన్ మేసన్ ప్రమాదములోనే మరణించినందున విచారణకు అందలేదు. ఈ విధముగా వెయ్యిమందికి పైగా మరణించిన ఘటనలో ఏ ఒక్కరికిని శిక్ష అమలు కాలేదు.

ప్రజల దృష్టికి రాకపోవుట

ఇంతటి దుర్ఘటన నాడు పత్రికలలో తగిన స్థానము పొందలేదు. ఏప్రిల్ 15న లింకన్ మరణించినాడు. ఆయన హంతకుడు జాన్ విల్క్స్ బూత్ ఏప్రిల్ 26న కాల్చి చంపబడినాడు. అదే రోజున దక్షిణాది సేనాని జోసఫ్ జాన్‌స్టన్ లొంగిపోయినాడు. మే 10న దక్షిణాది అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ పట్టుబడినాడు. పత్రికలు ఈ వార్తలతో నిండిపోయినవి. నాలుగేండ్ల యుద్ధములో లక్షలాది మరణములను చూచిన ప్రజలకు మరణముల సంఖ్య క్రొత్తది కాదు. చనిపోయినవారు ఎక్కువగా సాధారణ సైనికులు, మారుమూల గ్రామములవారు. ప్రమాదస్థలము కూడా పెద్ద పత్రికలు గల తూర్పు నగరములకు దూరము.

స్మృతి చిహ్నములు, శిథిలములు

బ్రతికి బయటపడినవారు సంఘములుగా ఏర్పడి ఏటేటా కలుసుకొనేవారు. ఉత్తరాదివారు ఒహైయో పరిసరములలోను, టెన్నెసీ వారు నాక్స్‌విల్‌లోను సమావేశమయ్యేవారు. వారిలో ఒకడైన చెస్టర్ బెర్రీ తన సహచరుల అనుభవములను సేకరించి 1892లో గ్రంథముగా ప్రకటించినాడు. సుల్తానా చరిత్రకు నేటికిని ఇది ముఖ్య ఆధారము. 1916లో నాక్స్‌విల్‌లోని మౌంట్ ఆలివ్ శ్మశానవాటికలో స్మారక శిల నెలకొల్పినారు. బ్రతికినవారిలో చివరివాడైన చార్లెస్ ఎల్‌డ్రిడ్జ్ 1941లో, 96 ఏండ్ల వయసులో మరణించినాడు.

ప్రమాదము తరువాత మిసిసిపీ పలుమార్లు తన మార్గమును మార్చుకొన్నది. ప్రధాన ప్రవాహము ఇప్పుడు 1865 నాటి స్థానమునకు సుమారు 2 మైళ్ళు తూర్పుగా ఉన్నది. 1982లో మెంఫిస్ న్యాయవాది జెర్రీ పాటర్ నాయకత్వములో ఒక బృందము అర్కాన్సా వైపున, ఒక సోయా చిక్కుడు పొలములో, సుమారు 32 అడుగుల లోతున కాలి నల్లబడిన పలకలను, దూలములను కనుగొన్నది. ఇవి సుల్తానా శిథిలములని భావించుచున్నారు. ఒకనాటి నదీగర్భము నేడు సాగుభూమి.

దుర్ఘటన జరిగి 150 సంవత్సరములు నిండిన సందర్భమున 2015లో మారియన్ పట్టణములో సుల్తానా ప్రదర్శనశాల ప్రారంభమైనది. పడవ మునిగిన చోటికి సమీపముననున్న ఈ పట్టణవాసులలో కొందరి పూర్వీకులు ఆనాడు తెప్పలపై వెళ్ళి సైనికులను ఒడ్డుకు చేర్చినవారే.